కామెర్లతో వచ్చిన రోగిని ఏం పని చేస్తారని కూడా అడగండి: వైద్యులకు ఒక పశువైద్యుడి బహిరంగ లేఖ

జ్వరంతో, కామెర్లతో వచ్చే రోగిని మొట్టమొదట చూసే వైద్యులకు, వారికి పాఠం చెప్పే ఆచార్యులకు, ఆస్పత్రుల్లో కేస్ షీట్ల నమూనాలు ఖరారు చేసే పెద్దలకు నమస్కారాలతో రాస్తున్న లేఖ ఇది.

నేను పశువైద్యుడిని. ఇరవై ఏళ్లకు పైగా పశువులకు, కుక్కలకు వైద్యం చేస్తున్నాను. మనుషుల వైద్యంలో మీకు పాఠం చెప్పే అర్హత నాకు లేదు, ఆ ఉద్దేశమూ లేదు. అయితే మేము పశువుల పాకల్లోనూ, కుక్కల బోనుల దగ్గరా తరచుగా ఎదుర్కొనే లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవి మీ వార్డుకు చేరేసరికి చాలాసార్లు ‘లివర్ ఫెయిల్యూర్’ అనే పేరుతో నమోదవుతోంది. ఆ పేరు తప్పని తేలడానికి నాలుగైదు రోజులు పడుతోంది. ఈలోగా రోగి మూత్రపిండాలు, కొందరిలో ఊపిరితిత్తులు కూడా చేయి దాటిపోతున్నాయి. ఆ నాలుగైదు రోజుల గురించే ఈ లేఖ.

మా దగ్గర పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్న సహాయకుడు ఒకరున్నారు. వరసగా వానలు పడిన ఒక వారంలో, పాకలో పిక్కల దాకా నిలిచిన నీటిని ఆయన రెండు రోజులపాటు ఎత్తిపోశారు. దాణా బస్తాల వెనుక ఎలుకలు కాపురం పెట్టిన పాక అది. ఆయన మడమలు పగిలి ఉన్నాయి, కాళ్లకు బూట్లు లేవు. అదే వారంలో, నెలలు నిండకుండానే ఈసుకుపోయిన ఒక ఆవుకు మాయ తీస్తుంటే ఆయన పక్కన నిలబడి సాయం చేశారు. నేను భుజం దాకా తొడుగు వేసుకున్నాను. తోకను పక్కకు పట్టుకుని నిలబడిన ఆయన చేతులకు మాత్రం ఏ తొడుగూ లేదు. ఆ తర్వాత పదో రోజున ఆయనకు చలి జ్వరం వచ్చింది.

ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చిందా, ఆవు వల్ల వచ్చిందా అన్నది మేము తేల్చుకోలేకపోయాం. పశువుల్లో ఎక్కువగా కనిపించే హార్డ్జో రకం మనిషికి సోకినా సాధారణంగా జ్వరం, ఒళ్లునొప్పులతో సరిపోతుంది. కామెర్ల దాకా తీసుకువెళ్లే తీవ్రమైన జబ్బుకు ఎలుకలు మోసే ఇక్టరోహెమరేజియే రకానికే పేరుంది. అందువల్ల నా అనుమానం ఎలుకల మీదే ఉంది. ఏదైనా, రెండు దారులూ ఆయన చేసే పనిలోనే ఉన్నాయి, ఆ పని గురించి అడిగితే రెండూ బయటపడేవి.

మొదటి రోజున తల పగిలిపోతోందని అన్నారు. పిక్కల మీద చేయి వేయనివ్వలేదు. మంచం దిగి నాలుగడుగులు వేయాలంటే గోడ పట్టుకోవలసి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ పుసి లేదు, నీరు కారడం లేదు, కలక అనడానికి వీలు లేదు. దగ్గరలోని వైద్యుడు వైరల్ జ్వరమని చెప్పి, జ్వరానికి, నొప్పులకు మాత్రలు ఇచ్చారు. ఐదో రోజున ఆ ఎర్రటి కళ్లలోకి పసుపు దిగింది. ఎరుపు మీద పసుపు కలిస్తే వచ్చే నారింజ ఛాయ అది. మామూలు కామెర్ల పసుపు చూసిన కంటికి అది వేరుగానే కనిపిస్తుంది, ఒక్కసారి చూస్తే మరచిపోలేం.

ఆస్పత్రిలో చేర్చిన రోజున కామెర్ల పసుపుకు కారణమైన బిలిరుబిన్ 22 ఉంది. కాలేయం దెబ్బను చూపే ఎంజైము ఎస్‌జీపీటీ 140 మాత్రమే. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ 4 దాటింది, ప్లేట్‌లెట్లు 58 వేలకు పడిపోయాయి, పొటాషియం తక్కువగా ఉంది, రక్తం గడ్డకట్టే తీరును చూపే ఐఎన్ఆర్ 1.6 వచ్చింది. హెపటైటిస్ వైరస్‌ల పరీక్షలన్నీ నెగెటివ్. కేస్ షీట్ మీద ‘అక్యూట్ లివర్ ఫెయిల్యూర్’ అని రాశారు. కాలేయం పాడవడం వల్లనే మూత్రపిండాలు కూడా పాడయ్యాయని భార్యకు చెప్పారు. రెండో రోజున, కాలేయ మార్పిడి చేసే కేంద్రానికి తీసుకువెళ్లే ఏర్పాట్లు చూసుకోమన్నారు. ఆమె తమ్ముడి బ్లడ్ గ్రూపు ఏమిటని కూడా అడిగారు.

ఆ నాలుగు రోజుల్లో వేర్వేరు వైద్యులు ఆయనను మద్యం తాగుతారా అని ఆరుసార్లు అడిగారని భార్య లెక్కపెట్టి చెప్పారు. నాటుమందులు ఏమైనా వాడారా అని రెండుసార్లు అడిగారు. ఏం పని చేస్తారని ఒక్కరూ అడగలేదు. నాలుగో రోజు రాత్రి, చేతికి సూది మార్చడానికి వచ్చిన ఒక హౌస్ సర్జన్ ఆ అరచేతుల్లోని పగుళ్లు చూసి, “ఏం పని చేస్తారండీ?” అని మాటవరసకు అడిగారట. “పశువుల ఆస్పత్రిలోనండీ” అన్నారు ఆయన. ఆ అమ్మాయి సూది పెట్టడం ఆపి, పిక్కలు నొక్కి చూసి, వెళ్లి పెద్ద డాక్టరును నిద్ర లేపి తీసుకొచ్చారు. ఆ రాత్రే సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ మొదలైంది. తర్వాత లెప్టోస్పైరాకు ఒంట్లో తయారయ్యే ప్రతిరక్షకాలను వెతికే ఐజీఎం పరీక్ష పాజిటివ్ వచ్చింది. మూడుసార్లు డయాలసిస్ చేయవలసి వచ్చింది. మూత్రపిండాలు రెండు వారాల్లో దారికి వచ్చాయి, పసుపు పూర్తిగా పోవడానికి నెల దాటింది. కాలేయ మార్పిడి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆయన ఇప్పుడు మళ్లీ పనిలోకి వస్తున్నారు.

ఇందులో నా తప్పు కూడా ఉంది. అది దాచిపెట్టి మీకు లేఖ రాయడం న్యాయం కాదు. ఆస్పత్రిలో చేరిన రెండో రోజున నేను ఆయనను చూడడానికి వెళ్లాను. ఆ కళ్లు చూశాను. లెప్టోస్పైరా అయి ఉండవచ్చన్న ఆలోచన నాకు వచ్చింది. పెద్ద డాక్టర్లు చూస్తున్నారు, వాళ్లకు తెలియదా అనుకుని, చెబితే ఏమనుకుంటారో అని సంకోచించి, నోరు మెదపకుండా తిరిగి వచ్చాను. నేను ఆ రోజు ఒక్క మాట చెప్పి ఉంటే మందు రెండు రోజులు ముందు మొదలయ్యేది. మూడుసార్లు డయాలసిస్ అవసరమయ్యేదో కాదో నేను చెప్పలేను గానీ, ఆ రెండు రోజులు నా మనసులోంచి పోవడం లేదు. మీ వృత్తికీ మా వృత్తికీ మధ్య ఉన్న ఈ సంకోచం కూడా ఈ జబ్బు ముదరడానికి ఒక కారణమే.

ఇక, ఆ కేస్ షీట్ మీది పేరు ఎందుకు పొరపాటో నాకు తెలిసినంత మేరకు చెబుతాను. వైరల్ హెపటైటిస్‌లో గానీ, మందుల విషం వల్ల గానీ కాలేయం దెబ్బతిన్నప్పుడు కణాలు చచ్చిపోతాయి. చచ్చిన కణాల్లోని ఎంజైములు రక్తంలోకి పొంగి, ఎస్‌జీపీటీ వేలల్లోకి వెళుతుంది. లెప్టోస్పైరా చేసే పని వేరు. అది కాలేయ కణాల మధ్య ఉండే అతుకుల్లోకి చొరబడి, కణాన్ని కణం నుంచి విడదీస్తుంది. ఇటుకలు పగలవు, వాటి మధ్య సున్నం ఊడిపోతుంది. పిత్తాన్ని మోసే సన్నని కాలువలకు గోడలు ఆ కణాలే కాబట్టి, అతుకులు ఊడగానే పిత్తం కారి రక్తంలో కలుస్తుంది. అందుకే బిలిరుబిన్ ఇరవై, ముప్పై దాకా ఎగబాకుతుంది, ఎస్‌జీపీటీ మాత్రం సాధారణంగా రెండు మూడు వందలు దాటదు. ఇంత పసుపులో ఇంత తక్కువ ఎంజైములు కనిపించినప్పుడు, ఇది హెపటైటిస్ కాదేమోనని అక్కడే ఆగి ఆలోచించాలి. కండరాలు కూడా దెబ్బతింటాయి కాబట్టి, సీపీకే పరీక్ష చేయిస్తే అది పెరిగి కనిపిస్తుంది. పిక్కల నొప్పికి సాక్ష్యం అదే.

మా సహాయకుడి ఐఎన్ఆర్ విటమిన్ కె ఇచ్చిన మర్నాటికే 1.2కు దిగింది. పిత్తం పేగులోకి సరిగా చేరకపోతే విటమిన్ కె ఒంటికి పట్టదు. ఆ లోటు తీరగానే కాలేయం గడ్డకట్టే పదార్థాలను మళ్లీ తయారు చేసింది. కణాలు చచ్చిపోయి ఉంటే అది జరిగేది కాదు. ఆయన మత్తుగా పడి ఉండడం చూసి కాలేయం వల్ల మెదడు దెబ్బతిన్నదనుకున్నారు. కానీ యూరియా అప్పటికే బాగా పెరిగి ఉంది, డయాలసిస్ మొదలుపెట్టాక మత్తు విడిపోయింది. ఈ జబ్బులో మెదడు పొరల వాపు వల్ల కూడా అలా జరగవచ్చు. కాబట్టి కామెర్లు, మత్తు, ఐఎన్ఆర్ అన్నీ ఒకచోట కనిపించినంత మాత్రాన వాటిని కూడి లివర్ ఫెయిల్యూర్ అనే మొత్తం వేయనక్కరలేదు, ఒక్కొక్కదానికీ వేరే కారణం ఉండవచ్చు.

మూత్రపిండాల విషయంలో మరొక ఆనవాలు ఉంది. కాలేయం చెడడం వల్ల మూత్రపిండాలు చెడితే మూత్రం తగ్గిపోతుంది. లెప్టోస్పైరా అయితే మూత్రనాళికల్లోనే తిష్ఠ వేస్తుంది కనుక, మొదట్లో చాలామందికి మూత్రం బాగానే వస్తుంది, దానితోపాటు పొటాషియం కూడా పోతుంది. క్రియాటినిన్ నాలుగు ఉండి పొటాషియం తక్కువగా ఉండడం మామూలు సంగతి కాదు. ఆ కాగితం మా సహాయకుడి మంచం పక్కనే మూడు రోజులు ఉంది.

కాలేయం నిజంగా ఎప్పుడూ విఫలం కాదని నేను అనడం లేదు. అప్పటికే సిర్రోసిస్ ఉన్నవారికి ఇది సోకితే కాలేయం కూలిపోవచ్చు, అలాంటివారి విషయంలో లివర్ ఫెయిల్యూర్ అన్న మాట నిజమే అవుతుంది. అయితే ఆరోగ్యంగా ఉండి ఈ జబ్బు బారిన పడ్డవారిలో ఎక్కువమంది కాలేయం వల్ల చనిపోరు. మూత్రపిండాల వల్ల, ఊపిరితిత్తుల్లో రక్తస్రావం వల్ల, గుండె కండరం వాపు వల్ల చనిపోతారు. కామెర్లు, మూత్రపిండాల వైఫల్యం కలిసిన తీవ్ర రూపంలో మరణాలు 5 నుంచి 15 శాతం దాకా ఉంటాయని వైద్య గ్రంథాలు చెబుతున్నాయి. ఊపిరితిత్తుల్లో రక్తస్రావం తీవ్రంగా ఉంటే సగానికి పైగా రోగులు దక్కరు. బతికి బయటపడినవారి కాలేయం మాత్రం సాధారణంగా ఏ మచ్చా లేకుండా పూర్తిగా కోలుకుంటుంది. అలాంటి కాలేయాన్ని మార్చాలనుకోవడం ఎంత దూరం వెళ్లినట్టో మీరే ఆలోచించండి. కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించే పసుపు మన దృష్టినంతా కాలేయం వైపు లాగేస్తుంది, ప్రాణం తీసే అవయవాలు ఈలోగా పక్కన ఉండిపోతాయి.

పసుపు చూసి దారి తప్పడం మనతో మొదలు కాలేదు. జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ వైల్ 1886లో కామెర్లు, మూత్రపిండాల వాపు, ప్లీహం పెరగడం కలిసి ఉన్న జ్వరాన్ని వివరించారు. వైల్స్ వ్యాధి అన్న పేరు అలా వచ్చింది. 1907లో స్టిమ్సన్ అనే శాస్త్రవేత్త ఎల్లో ఫీవర్‌తో చనిపోయారనుకున్న ఒక రోగి మూత్రపిండాన్ని వెండి రంగు పట్టించి చూస్తే, కొసలు వంగి ప్రశ్నార్థకంలా ఉన్న సూక్ష్మజీవులు కనిపించాయి. అందుకే వాటికి ‘ఇంటరోగాన్స్’ అనే మాట తగిలించారు. ప్రశ్నార్థకం అన్న పేరు దీనికి ఇంతగా అతుకుతుందని ఆయన ఊహించి ఉండరు. ఆ తర్వాత జపాన్‌లో ఇనాడా, ఇడో అనే శాస్త్రవేత్తలు బొగ్గు గని కార్మికుల్లో ఈ జబ్బుకు కారణమైన సూక్ష్మజీవిని పట్టుకున్నారు. ఎలుకలు దాన్ని మూత్రపిండాల్లో మోస్తున్నాయని అదే బృందం 1917లో ప్రకటించింది. ఆ దశలోనే హిదేయో నొగుచి అనే శాస్త్రవేత్త ఈక్వడార్‌లో ఎల్లో ఫీవర్ రోగుల నుంచి లెప్టోస్పైరాను వేరుచేసి, ఎల్లో ఫీవర్‌కు కారణం ఇదేనని నమ్మారు. ఎల్లో ఫీవర్ వైరస్ వల్ల వచ్చే జబ్బు. కామెర్లతో వచ్చిన రెండు జబ్బులను ఆయన ఒకటే అనుకున్నారు. 1928లో ఆఫ్రికాలోని అక్రాలో ఎల్లో ఫీవర్ మీద పరిశోధన చేస్తూ అదే జబ్బుతో కన్నుమూశారు. అంతటి సూక్ష్మజీవి శాస్త్రవేత్తను తప్పుదారి పట్టించిన పసుపు, రద్దీ వార్డులో రాత్రి డ్యూటీ చేస్తున్న వైద్యుడిని తప్పుదారి పట్టించడం ఆశ్చర్యం కాదు. అందువల్ల నేను ఎవరినీ నిందించడానికి ఈ లేఖ రాయడం లేదు. వ్యక్తుల తెలివి మీద వదిలేయకుండా, కాగితం మీదే ఒక అడ్డుకట్ట పెట్టమని కోరుతున్నాను.

నేను కోరే అడ్డుకట్ట చాలా చిన్నది. జ్వరం, కామెర్లతో చేరిన ప్రతి రోగి కేస్ షీట్‌లో, మద్యం అలవాటు అన్న గడి పక్కనే మరొక గడి పెట్టండి. గత 30 రోజుల్లో జంతువులను గానీ, వాటి మూత్రం, మాయ, మాంసం వంటివాటిని గానీ తాకారా, నిలవ నీటిలో, బురదలో, కాలువలో, వరదలో దిగారా, ఏం పని చేస్తారు అన్న ప్రశ్నలు అందులో ఉండాలి. 30 రోజులు ఎందుకంటే, సూక్ష్మజీవి ఒంట్లో చేరాక జబ్బు బయటపడడానికి 2 నుంచి 30 రోజులు పట్టవచ్చు. ఎక్కువగా 5 నుంచి 14 రోజుల్లో బయటపడుతుంది. అప్పటికి రోగి ఆ నీటి సంగతి మరచిపోయి ఉంటాడు. అడగకపోతే తనంత తానుగా చెప్పడు, చెప్పవలసిన విషయమని కూడా తెలియదు. మా సహాయకుడు నాతో తర్వాత అన్న మాట ఇది: “డాక్టరు గారూ, వాళ్లు లివర్ గురించి అడుగుతుంటే నేను పాక గురించి ఎందుకు చెబుతానండీ?”

వృత్తి ఒక్కటే అడిగితే సరిపోదు. పొలాల్లో, కసాయిశాలల్లో, మురుగు కాలువల్లో పనిచేసేవారికి, పశువైద్య సిబ్బందికి ముప్పు ఎక్కువన్నది నిజమే. కానీ 2000 సంవత్సరంలో బోర్నియోలోని సబా ప్రాంతంలో జరిగిన సాహస క్రీడా పోటీ తర్వాత, నదిలో ఈదిన క్రీడాకారులు తమ తమ దేశాలకు తిరిగి వెళ్లాక ఈ జబ్బుతో ఆస్పత్రుల్లో చేరారు. రెండు ఒలింపిక్స్‌లో బ్రిటన్‌కు బంగారు పతకాలు తెచ్చిన పడవ పందాల క్రీడాకారుడు ఆండీ హోమ్స్ 2010లో వైల్స్ వ్యాధి బారిన పడి చనిపోయినట్టు వార్తలు వచ్చాయి. వాళ్లెవరూ ఏం పని చేస్తారన్న ప్రశ్నకు పశువుల పేరు చెప్పి ఉండరు. నీటి పేరు చెప్పి ఉండేవారు.

నా దగ్గరకు ఒక కుక్కపిల్ల వాంతులతో, పసుపెక్కిన చిగుళ్లతో వస్తే, దాన్ని బల్ల మీదికి ఎక్కించేలోపే నేను యజమానిని రెండు ప్రశ్నలు అడుగుతాను. లెప్టో టీకా వేయించారా? ఎక్కడి నీళ్లు తాగుతుంది? టీకా వేయించామని చెప్పినా అనుమానం వదులుకోను, ఎందుకంటే ఈ సూక్ష్మజీవిలో జబ్బు తెప్పించే రకాలు 250కి పైగా ఉన్నాయి, టీకా కొన్నింటిని మాత్రమే అడ్డుకుంటుంది. ఫలితం వచ్చేదాకా ఆగకుండా డాక్సీసైక్లిన్ గానీ పెన్సిలిన్ జాతి మందు గానీ మొదలుపెడతాను. ఆ తర్వాత యజమానిని, ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే కుక్క సంగతి వైద్యుడికి చెప్పమని హెచ్చరిస్తాను. మేము కుక్క విషయంలో తీసుకుంటున్న ఈ జాగ్రత్త మనిషికి కూడా దక్కాలని కోరడం అత్యాశ కాదనుకుంటాను.

అనుమానం వచ్చాక పరీక్ష కోసం ఎదురుచూడవద్దన్నది నా రెండో విన్నపం. ఐజీఎం పరీక్ష జబ్బు మొదలైన ఐదు నుంచి ఏడు రోజుల తర్వాతే పాజిటివ్ అవుతుంది. అంతకు ముందు నెగెటివ్ వస్తే ఆ కాగితానికి విలువ లేదు, కానీ దాన్ని చూసి అనుమానం కొట్టేసే ప్రమాదం మాత్రం ఉంది. మొదటి వారంలో రక్తంలో సూక్ష్మజీవి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ చేస్తే దొరికే అవకాశం ఉంది, అందుకని మందు మొదలుపెట్టే ముందే ఒక గొట్టం రక్తం తీసి ఉంచడం మంచిది. సూక్ష్మజీవిని ప్రయోగశాలలో పెంచి చూసే కల్చర్ చేస్తే వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది, రోగికి దానివల్ల ఉపయోగం లేదు. ప్రామాణికమని చెప్పే, ప్రతిరక్షకాలను కొలిచే మ్యాట్ పరీక్షకు పది, పద్నాలుగు రోజుల తేడాతో రెండుసార్లు రక్తం కావాలి, అంటే రోగి బతికాక జబ్బు పేరు తెలుస్తుంది. వీటిలో ఏదీ మొదటి రాత్రి మందు రాయాలా వద్దా అన్నది తేల్చలేదు. అది రోగి ముఖంలోకి చూసి, పని అడిగి, పిక్కలు నొక్కి మీరే తేల్చవలసిన విషయం.

వేసే మందులు కొత్తవి కావు, ఖరీదైనవీ కావు. తీవ్రంగా ఉన్నవారికి సిరలోకి రోజుకు ఒకటి రెండు గ్రాముల సెఫ్ట్రియాక్సోన్ గానీ, ఆరు గంటలకు ఒకసారి 15 లక్షల యూనిట్ల పెన్సిలిన్ గానీ, ఏడు రోజులు. తేలికగా ఉన్నవారికి డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు. ఈ మోతాదులు మీకు నాకంటే బాగా తెలుసు. యాంటీబయాటిక్ మొదలైన తొలి గంటల్లో చలి, జ్వరం పెరిగి, రక్తపోటు పడిపోయే ప్రతిచర్య కొందరిలో వస్తుందన్నది ఒక్కటే గుర్తు చేస్తాను. అది చూసి మందు పడలేదని ఆపేస్తే నష్టం.

యాంటీబయాటిక్ వల్ల ఈ జబ్బులో ప్రాణాలు నిలుస్తాయని తిరుగులేని రుజువు లేదు కదా అని మీలో కొందరు అనవచ్చు. ఆ మాట నిజమే, దాన్ని నేను దాటవేయను. పెన్సిలిన్‌తో జరిగిన పరీక్షలు చిన్నవి, ఫలితాలు ఒకే మాట చెప్పలేదు. 1988లో ఫిలిప్పీన్స్‌లో, జబ్బు ముదిరాక వచ్చిన రోగులకు పెన్సిలిన్ ఇచ్చినప్పుడు జ్వరం, క్రియాటినిన్ త్వరగా తగ్గాయి. అదే సంవత్సరం బార్బడోస్ నుంచి వచ్చిన మరొక పరీక్షలో అంత లాభం కనిపించలేదు. ఇంతవరకు జరిగిన పరీక్షల్లో చాలావరకు ఆలస్యంగా వచ్చిన రోగుల మీద జరిగినవేనని నా అభిప్రాయం. సూక్ష్మజీవి రక్తంలో తిరుగుతున్న మొదటి వారంలో మందు పడితే ఏమవుతుందో తెలియాలంటే, ఆ మొదటి వారంలో ఎవరో ఒకరు జబ్బును అనుమానించాలి కదా. ముందుగా వేస్తే జబ్బు రాకుండా ఆపగలదనడానికి మాత్రం గట్టి ఆధారం ఉంది: పనామా అడవుల్లో శిక్షణ పొందిన అమెరికన్ సైనికుల్లో వారానికి 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ వేసుకున్నవారిలో ఒక్కరికి, ఉత్తి మాత్ర వేసుకున్నవారిలో 20 మందికి ఈ జబ్బు వచ్చిందని 1984లో ప్రచురించారు. మందుకు లొంగే సూక్ష్మజీవి ఇది. లొంగే కాలంలో మందు అందడమే ముఖ్యం.

జ్వరంతో వచ్చిన ప్రతివారికీ యాంటీబయాటిక్ రాయమంటున్నానని దయచేసి అపార్థం చేసుకోవద్దు. మందులకు లొంగని సూక్ష్మజీవుల బెడద మా వృత్తిలోనూ ఉంది, దానికి మా వంతు బాధ్యత కూడా ఉంది. నేను చెప్పేది జ్వరం, కామెర్లు, తక్కువ ఎస్‌జీపీటీ, పెరిగిన క్రియాటినిన్, జంతువులతోనో నీటితోనో సంబంధం, ఇవన్నీ ఒకచోట కూడిన రోగి గురించి. అలాంటివారు మీ వార్డులో రోజూ ఉండరు. ఉన్న రోజున మాత్రం గంటలు లెక్క.

ఈ జబ్బు అరుదు అన్న మాట కూడా నేను తరచుగా వింటున్నాను. 2015లో ప్రచురించిన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా 10 లక్షలకు పైగా మందికి లెప్టోస్పైరోసిస్ సోకుతోంది, దాదాపు 58,900 మంది చనిపోతున్నారు. వారిలో పెద్ద భాగం పనిచేసే వయసులో ఉన్న మగవారే. అనుమానించని చోట పరీక్ష ఉండదు, పరీక్ష లేని చోట లెక్క ఉండదు. బ్రూసెల్లా, క్యూ ఫీవర్ తెచ్చే కాక్సియెల్లా వంటివి కూడా పశువుల నుంచి వచ్చి మనిషి కాలేయాన్ని తాకుతాయి. ఆ గడిలో రాసిన జవాబు వాటిని పట్టుకోవడానికి కూడా పనికొస్తుంది.

నా మూడో విన్నపం మా రెండు వృత్తుల మధ్య ఉన్న మౌనం గురించి. మీ వార్డులో ఒకరికి లెప్టోస్పైరోసిస్ అని తేలితే, ఆ రోగి ఏ పాక నుంచి, ఏ కసాయిశాల నుంచి, ఏ కాలువ నుంచి వచ్చారో ఆ పక్కన ఉన్న పశువైద్యులకు ఒక కబురు పంపండి. అక్కడే మరో నలుగురు అదే నీటిలో కాళ్లు పెడుతూ ఉంటారు. పైకి ఏ జబ్బూ లేకుండా నెలల తరబడి మూత్రంలో దాన్ని విడిచే పశువులు ఉంటాయి, బతికినంతకాలం మోసే ఎలుకలు ఉంటాయి. తడి నేలలో, నిలవ నీటిలో ఆ సూక్ష్మజీవి వారాలపాటు బతుకుతుంది, ఎండితే చచ్చిపోతుంది. మాకు తెలిస్తే పశువులను పరీక్షిస్తాం, టీకాలు వేస్తాం, పాక ఆరబెట్టిస్తాం. అదేవిధంగా, ఒక మందలో ఆవులు వరసగా ఈసుకుపోతున్నా, పొదుగు మెత్తబడి పాలు ఒక్కసారిగా పడిపోతున్నా మేము మీకు చెబుతాం, ఆ నెలలో అక్కడి నుంచి జ్వరంతో ఎవరు వచ్చినా మీరు జాగ్రత్త పడవచ్చు. దీనికి ప్రత్యేకమైన విభాగమో, భవనమో అక్కరలేదు. ఆస్పత్రి గోడ మీద ఒక పశువైద్యుడి ఫోను నంబరు ఉంటే చాలు.

ఆ రెండో రోజున మాట్లాడలేకపోయినందుకు నేను చేయగలిగింది ఒకటే అనిపించి, మా ఆస్పత్రిలో పనిచేసే ప్రతివారికీ ఒక చిన్న కార్డు రాసి ఇచ్చాను. జ్వరం వస్తే జేబులోంచి తీసి వైద్యుడి చేతికివ్వడానికి. మా సహాయకుడు దాన్ని పర్సులో పెట్టుకున్నారు. దాని మీద ఇంతే ఉంది: ‘నేను పశువుల ఆస్పత్రిలో పనిచేస్తాను. నాకు జ్వరం ఉంటే లెప్టోస్పైరోసిస్‌ను దయచేసి పరిశీలించండి.’ అలాంటి కార్డు లేని రోగుల కోసం, మీ కేస్ షీట్‌లో మద్యం గడి పక్కన ఆ ఒక్క వరుస చేర్చవలసిందిగా మరొకసారి మనవి చేస్తున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక పశువైద్యుడు